మా కామర్స్ సంఘం అధ్యక్షుడు

మొన్న గురువారం సాయంత్రం మా అమ్మాయి కాలేజీ నుంచి వస్తూనే, భుజాన బ్యాగయినా దించకుండా వంటింట్లోకి వచ్చి, తనను కాలేజీ బిజినెస్ సంఘంలోకి తీసుకున్నారని చెప్పింది. దోసెల పిండి కలుపుతున్నదాన్ని చెయ్యి కడుక్కుని దాన్ని దగ్గరకు తీసుకున్నాను. సంతోషమే, కాదనను. అయితే అది గదిలోకి వెళ్ళి స్నేహితురాళ్ళతో ముచ్చట్లలో పడ్డాక, మస్కట్ అజైబాలోని ఈ ఇంటి బాల్కనీలో ఒక్కదాన్నే కూర్చుంటే ఎందుకో కళ్ళు చెమర్చాయి. నా ఈడువాళ్ళు, ముఖ్యంగా ఈ ఒమాన్‌లో చదువుకున్నవాళ్ళు, ఎందుకో చెప్పకుండానే అర్థం చేసుకుంటారు.

మా నాన్నగారు మస్కట్‌కు దూరంగా ఇబ్రా అనే ఊళ్ళో ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్‌కీపరు. కడపలో ఇంటర్ ముగించి వచ్చిన నన్ను మస్కట్‌లో డిగ్రీలో చేర్పించి, పిన్నిగారింట్లో ఉంచారు. పుస్తకం చూసి ఇంగ్లీషులో ఎంతైనా రాసేదాన్ని గాని, నలుగురిలో నోరు తెరవాలంటే నాలుక పిడచకట్టుకుపోయేది. అలాంటి నన్ను కామర్స్ సంఘంలో చేరమని పిన్ని వెంటపడింది. అందులో చేరడం ఊరికే పేరిస్తే అయ్యేది కాదు. పాతవాళ్ళంతా వరుసగా కూర్చుని, కొత్తవాళ్ళ చేతికి ఏదో ఒక వస్తువిచ్చి, దాన్ని తమకు అమ్మి చూపించమనేవారు. నా చేతికొచ్చింది గొడుగు. ఏడాదికి నాలుగు చినుకులు పడితే గొప్పయిన ఊళ్ళో గొడుగెలా అమ్మను? గొడుగు పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. అప్పుడు వెనక వరుసలోంచి ఒక అబ్బాయి లేచాడు.

“భయపడకు చెల్లె, తెలుగులనే చెప్పు. నేను హిందీల చెప్త.”

నాకెక్కడి ధైర్యమొచ్చిందో, ఎండను తిట్టుకుంటూ, బస్సు కోసం నిలబడి మాడిపోయే మా పిన్నిని తలుచుకుంటూ కడప మాటల్లో గడగడా చెప్పేశాను. అతను ఒక్కో మాటకూ రెండు మాటలు చేర్చి హిందీలో చెబుతుంటే గదంతా నవ్వులు. అలా నేను సంఘంలోకి వచ్చాను. అతను నాకు అన్న అయ్యాడు.

అన్న వాళ్ళది జగిత్యాల వైపు. తండ్రి మస్కట్‌లో ఒక కంపెనీలో ఫోర్‌మన్. నాకంటే ఏడాది ముందు చదివేవాడు. మరుసటి ఏడు అతను అధ్యక్షుడు, నేను కార్యదర్శి, సముద్రపుటొడ్డు ఊరు ఖురియాత్ నుంచి వచ్చిన ఒమానీ స్నేహితురాలు కోశాధికారి. ఖాళీ హాల్లో నన్ను వేదికెక్కించి, తాను చివరి కుర్చీలో కూర్చుని, వినబడలేదని చెయ్యి ఊపుతూ మళ్ళీ మళ్ళీ మాట్లాడించేవాడు. ఇవాళ నేను ఆఫీసులో పదిమంది ముందు నిలబడి లెక్కలు వివరించగలుగుతున్నానంటే ఆ చివరి కుర్చీయే కారణం.

ఆ ఏడు కాలేజీల మధ్య వ్యాపార ఆలోచనల పోటీ పెట్టారు. ఖురియాత్‌లో పొద్దున పట్టిన చేపను శుభ్రం చేసి, మధ్యాహ్నంలోగా మస్కట్ ఇళ్ళకు చేర్చే ఏర్పాటు మా ఆలోచన. శుక్రవారాలు స్నేహితురాలి అన్నగారి పికప్‌లో ఖురియాత్ వెళ్ళి, బెస్తవాళ్ళతో మాట్లాడి, వాళ్ళమ్మ పెద్ద పళ్ళెంలో వడ్డించిన అన్నమూ చేపా చుట్టూ కూర్చుని తిని వచ్చేవాళ్ళం. జీవితమంతా అలాగే కలిసి ఏదో ఒకటి నడుపుతామనుకున్నాం. ఆ వయసు అలాంటిది.

పోటీ ఇంకా కొద్ది వారాలుందనగా ఒక మధ్యాహ్నం అన్న ఆలస్యంగా వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు.

“నాయిన పని పోయింది. మా అందరి వీసలు క్యాన్సిల్ చేస్తున్నరు. పరీక్షల దాంక సుత ఉండనిస్తరో లేదో.”

మేం ఊరుకోలేదు. సంఘమంతా కలిసి ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్ళాం; కాలేజీ పేరు మీద వీసా ఇచ్చే ఏర్పాటు తమకు లేదని ఆయన నొచ్చుకుంటూనే చెప్పారు. స్నేహితురాలి తండ్రి పనులన్నీ మానుకుని ఖురియాత్ నుంచి వచ్చి, అన్న తండ్రి పనిచేసిన కంపెనీలో కాగితాల పని చూసే మందూబ్‌ను కలిశారు. అతను కాఫీ ఇచ్చి మర్యాద చేశాడు గాని, తన చేతిలో ఏమీ లేదన్నాడు. నేను ఇబ్రాకు ఫోన్ చేసి, మీ కంపెనీలో అన్న తండ్రికి ఏదో ఒక పని చూడమని నాన్నగారిని ప్రాధేయపడ్డాను.

“నా పని నిలబడటమే వాళ్ళ దయమ్మా. నేనేం అడగగలను?” అన్నారు నాన్నగారు. ఆయన గొంతు అంత చిన్నబోగా అంతకుముందెన్నడూ వినలేదు.

విమానాశ్రయానికి అందరం వెళ్ళాం. అన్న వాళ్ళమ్మ నా తల నిమిరి ముఖం తిప్పుకుంది. పోటీలో తాను మాట్లాడాల్సిన భాగం అన్న నాకప్పగించాడు. నాకు చేతకాదన్నానని కోప్పడ్డాడు.

“ఎందుకు చేతగాదు? నేను జెప్పినట్టు చెప్పకు. నీకు తోచినట్టు చెప్పు.”

అలాగే చెప్పాను. మొదటి బహుమతి మాకే వచ్చింది. కప్పు అందుకోవడానికి అందరం వేదికెక్కాం గాని, దాన్ని పైకెత్తడానికి ఎవరికీ చేతులు రాలేదు.

కొన్నేళ్ళ తర్వాత, నేను ఉద్యోగంలో చేరాక, నాన్నగారిని చూడటానికి ఇబ్రా వెళ్ళినప్పుడు, వాళ్ళ కంపెనీ సైట్‌లో హెల్మెట్ పెట్టుకుని ఇటుకలు అందిస్తున్న మనిషిని చూసి ఆగిపోయాను.

“ఏందన్నా ఇది? నువ్వేంది, ఇక్కడ?”

“దొరికిన వీస ఇదే చెల్లె.” నవ్వాడు. “నాయిన మంచం పట్టిండు, సదువు ఆడనే ఆగింది. డ్యూటీ టైం, సూపర్‌వైజర్ చూస్తుండు. నువ్వు పో.”

అన్నకు ఏదైనా పని ఇస్తారా అని మా ఆఫీసులో అడిగాను. డిగ్రీ పట్టా ఉందా అన్నారు. లేదు. ఉన్న కంపెనీ వదులుతుందా అన్నారు. వదలదు. నేర్పినవాడు ఎండలో, నేర్చుకున్నదాన్ని ఏసీలో; మధ్యలో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. తర్వాత ఆ సైట్ పని అయిపోయింది. మనుషుల్ని ఎటో పంపేశారు. అన్న ఎటు వెళ్ళాడో నాన్నగారికీ తెలియలేదు.

మొన్న గురువారం రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. వాళ్ళ సంఘంలో కిందటేడు ఒక పిల్ల ఇలాగే వెళ్ళిపోయిందట. అయినా సమావేశాలకు ఫోన్‌లో కనబడుతూ అందరితో పోట్లాడుతూనే ఉంటుందట. మా రోజుల్లో వెళ్ళిపోవడమంటే వెళ్ళిపోవడమే. మా అమ్మాయి వెంటనే ఫోన్ తీసి, “ఆయన ఇంటిపేరు చెప్పమ్మా, వెతుకుతాను” అంది.

ఇంటిపేరు నాకు తెలియదు. సంఘం బోర్డు మీద ఆయన పేరు ముందు ఒక్క అక్షరమే ఉండేది, అది దేనికి గుర్తో ఏనాడూ అడగలేదు. ఇప్పుడు ఎవరినైనా వెతికితే దొరుకుతారంటారు, నిజమే కావచ్చు. మా కాలంలో అన్న అని పిలిచాక ఆ మనిషి గురించి ఇంకేదైనా తెలుసుకోవాల్సి ఉంటుందని మాకెవరికీ తోచలేదు.