ఎడమకు తిప్పితే ఆరిపోయే లైటు

పాన్‌గల్ పక్కనున్న తన ఊరి నుంచి అక్కడి పాలకేంద్రానికి రెండు పూటలా పాలు మోసేది రెబెకా. భర్త జోసెఫ్ పుణెలో సెంట్రింగ్ పనికి పోయాక అతని పాత మోటార్ సైకిల్ ఆమె చేతికొచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, రెండు వైపులా క్యాన్లు కట్టుకుని ఆమె పోతుంటే మొదట్లో ఊరు నవ్వింది. తర్వాత ఆ ఊరే తన పాలు తెచ్చి ఆమె క్యాన్లలో పోసింది.

ఆ బండి హెడ్‌లైటుకే ఏదో రోగం. బాగానే వెలుగుతూ ఉన్నట్టుండి మలుపులో ఆరిపోయేది. మెకానిక్ బాలరాజు దగ్గరికి పోయిన ప్రతిసారీ బల్బు మార్చి పంపేవాడు.

"బల్బు కాదేమో అన్నా, ఇంకేదో ఉన్నది. జర చూడు."

"నువ్వు పాలు పిండు చెల్లె. వైర్ల సంగతి నాకిడిచిపెట్టు," అని నవ్వేవాడు.

వానాకాలంలో ఒక సాయంత్రం పాలు పోసి వస్తూ, మందుల కోసం పాన్‌గల్ వచ్చిన అత్త సత్తెమ్మను వెనక ఎక్కించుకుంది. మబ్బు కమ్మి పెందలాడే చీకటి పడింది. కాలువ గట్టు మీద ఎడమ మలుపు తిరగ్గానే లైటు ఆరింది. మనుషులు, బండి, ఖాళీ క్యాన్లు అన్నీ కలిసి తుమ్మకంపలోకి దొర్లాయి. సత్తెమ్మ మణికట్టు విరిగింది.

వనపర్తి దవాఖానలో కట్టు కట్టించుకొచ్చిన మర్నాడు పొద్దున్నే రెబెకా బండి ముందు నిలబడింది. స్టార్ట్ చేసి లైటు వేసింది. హ్యాండిల్ కుడికి తిప్పితే వెలిగింది. ఎడమకు తిప్పితే ఆరింది. మళ్లీ తిప్పింది, మళ్లీ ఆరింది. ఇంజన్ ఆపి, లైటు డబ్బా ఊడదీసి, వైర్ల కట్టను వేళ్లతో తడుముతూ పోయింది. హ్యాండిల్ మెడ దగ్గర, ఇనుముకు ఒరుసుకునే చోట ఒక వైరుకు నల్ల టేపు చుట్టి ఉంది. విప్పి చూస్తే లోపల రాగి పోగులు తెగి, ఒకటో రెండో వేలాడుతున్నాయి.

ఆ బండి రిపేరుకు బాలరాజు తప్ప ఇంకొకరు చెయ్యి వేయలేదు. అంటే చూశాడు. చూసి, టేపు చుట్టి, బల్బు అన్నాడు. రెబెకాకు ఒళ్లు మండిపోయింది.

లైటు డబ్బా మళ్లీ బిగించి, అత్తను ఎక్కించుకుని నేరుగా బాలరాజు దుకాణానికి పోయింది. నలుగురూ ఉండగానే హ్యాండిల్ తిప్పి చూపించింది.

"పాత బండి గదా, గట్లనే ఉంటది. ఆడోళ్లు బరువులేసుకొని తిరిగితే..." అని నసిగాడు బాలరాజు.

"బరువుకు తెగలే! తెగింది నువ్వు చూసినవ్, చూసి కప్పిపెట్టినవ్. మా అత్త చెయ్యి చూడు. కంపల గాక కాలువల పడుంటే ఏం చెప్తుంటివి? బల్బు పోయిందంటుంటివా?"

బాలరాజు తలవంచుకుని కొత్త వైరు తెచ్చాడు. పాత ముక్క కోసి, కొత్తది అతికి, ఒరుసుకోకుండా గొట్టం తొడిగి, హ్యాండిల్ తిరగడానికి కాస్త వదులుంచి కట్టాడు. సత్తెమ్మ చేతిలో చాయ్ చల్లారకముందే పని అయిపోయింది. అది చూసి రెబెకా కోపం రెట్టింపైంది.

"గింతేనా? గింత పనికా మా అత్త చెయ్యి విరిగింది?"

"తప్పయింది పెద్దమ్మా," అన్నాడు బాలరాజు.

సత్తెమ్మ మెత్తబడి ఏదో అనబోయింది.

"బండెక్కు అత్తా," అంది రెబెకా.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. సందెవేళ లైటు లేని బండి ఎదురైతే, సర్పంచిదైనా సరే, అడ్డం పోయి ఆపుతుంది.

"దిగు. ఇంటిదాక నూకుకుంట పో," అంటుంది.