ఆరు గుంటల మైదానం

బిట్రగుంట రైల్వే కాలనీలో దొరలు వదిలిపోయిన గోల్ఫ్ మైదానం చాలాకాలం మేకలు మేసే బీడుగా పడి ఉండేది. అరవైల మొదట్లో మాకు వచ్చిన ఆఫీసరుగారు అందులో బంతి పడేసే ఆరు గుంటలు బాగుచేయించి, ఎవరైనా ఆడుకోవచ్చన్నారు. పచ్చిక అనేది ఎక్కడా లేదు. ఒక్కో గుంట చుట్టూ ఇసుక పోసి, గాలికి లేవకుండా ఇంజను నూనె చల్లేవాళ్ళం. ముప్పావుగంటలో ఆట అయిపోయేది. డ్యూటీకి పిలుపు ఎప్పుడొస్తుందో తెలియని మాకు అంతకన్నా ఏం కావాలి? ఆట రాదన్న సిగ్గు కూడా లేదు, ఎవరికీ రాదు కనక. నేనైతే బంతికంటే మట్టినే ఎక్కువ కొట్టాను.

అప్పట్లో నేను ఫైర్‌మన్‌ని, ఇంజనులో బొగ్గు వేసేవాణ్ణి. మా డ్రైవరన్నను మైదానానికి లాక్కొచ్చింది నేనే. అంతకుముందు చలికాలంలో ఒక పొద్దున మంచులో మా బండి ఎర్ర సిగ్నల్ దాటిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, అన్నను ఇంజను దింపి షెడ్డు పనిలో వేశారు. శిక్ష గడువు తీరింది. కళ్ళ పరీక్ష పాసైతే మళ్ళీ ఇంజను ఎక్కవచ్చు. ఆయన మాత్రం రేపు, ఎల్లుండి అంటూ తప్పించుకునేవాడు. ఇక ఇంజను ఎక్కడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఇంజను మీద ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ ఎవరికి ముందు కనబడితే వాళ్ళు రంగు పైకి అరవాలి, రెండోవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి. ఆ మలుపులో సిగ్నల్ ముందు కనబడేది నా వైపే. నేను వంగి బొగ్గు తోస్తూ చూడలేదు. విచారణలో ఆయన తప్పంతా తనదేనన్నాడు. నేను నోరు మెదపలేదు. పిరికితనం, ఇంకేం లేదు.

మైదానంలో మొదటిరోజు అన్న కర్ర పట్టుకుని ఎంతసేపు నిలబడ్డా బంతిని కొట్టలేదు. గుంట ఆనవాలుకి మేము పాతినవి స్టోరులో పారేసిన పాత ఎర్రజెండాలు.

"ఎర్రజెండా మీదికి ఎట్టా కొట్టేది అబ్బయా?" అన్నాడు.

తమాషాకి అన్నాడనుకుని వెనకున్న గార్డులు నవ్వారు. ఆయన కర్రను నా చేతికి ఇచ్చేయబోయాడు. వాళ్ళ మీద ఒళ్ళు మండింది, ఆ వెంటనే నా మీద నాకే మండింది. డ్యూటీకి తయారై వచ్చిన ఒక గార్డు చంకలోంచి పచ్చజెండా లాక్కుని పరుగెత్తాను. ఎర్రది పీకి, అది పాతి, పక్కకి జరిగి "పచ్చ" అని గొంతు చించుకుని అరిచాను.

ఆయన "పచ్చ" అని తిరిగి అరిచి కొట్టాడు. బంతి జెండా దరిదాపుల్లోకి కూడా రాకుండా పోయి ముళ్ళకంపలో పడింది. ఆయన నింపాదిగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"బండి మీద కూడా ఇట్టానే అరవాల. రేపు కళ్ళ పరీక్షకి పోతుండా" అన్నాడు.

అన్ని నెలల్లో నేను ఆ రోజు అరవని సంగతి ఆయన ఎత్తడం అదే మొదలు. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ముందు బంతి వెతకమన్నాడు.