గడపకు పెట్టని బొట్టు

నేను ఒక అబద్ధం ఆడాను. దాన్ని ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాను. పోలీసులు పట్టుకునేంత నేరం కాదు. పైకి చెబితే చాలామంది నవ్వి ఊరుకుంటారు కూడా. ఒక ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలిచి రమ్మంటే, పిలవకుండానే పిలిచానని చెప్పాను. అంతే. ఈ ‘అంతే’ అనే మాటతోనే ఇంతకాలం నన్ను నేను బుజ్జగించుకుంటూ వచ్చాను. ఇక ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అది అంత తప్పు ఎందుకయిందో తెలియాలంటే కాకినాడ దాకా వెళ్ళాలి. ఇప్పటి కాకినాడ కాదు. రేవుకు రంగూను ఓడలు వచ్చే రోజులనాటిది, మా నాన్నగారి నాయనమ్మ లక్ష్మీనరసమ్మగారు కొత్తగా కాపురానికి వచ్చిన ఊరు. అక్కడ మగవాళ్ళకు రేవు ఆఫీసులూ కచేరీలూ ఉండేవి, సాయంత్రమైతే అరుగుల మీద కబుర్లు ఉండేవి. ఆడవాళ్ళకు ఉన్నదల్లా పేరంటమే. పిల్ల పెద్దమనిషైనా, ఎవరైనా నోము పట్టినా, ఇంటింటికీ బొట్టు వెళ్ళేది. బొట్టు రాని ఇల్లు ఊళ్ళో లేనట్టే లెక్క.

లక్ష్మీనరసమ్మగారి భర్త ఒకసారి, వితంతువుకు మళ్ళీ పెళ్ళి చేసిన ఇంట్లో భోజనం చేసి వచ్చాడు. దానికి మావాళ్ళను వెలి వేశారు. చాకలి రాలేదు, పురోహితుడు రాలేదు. అవన్నీ ఆవిడ ఓర్చుకుందట. ఓర్చుకోలేకపోయింది ఒక్కటే. శ్రావణమాసంలో పేరంటాళ్ళు నవ్వుకుంటూ తన గుమ్మం దాటి పక్కింటికి వెళ్ళిపోతుంటే, తలుపు వెనక నిలబడి వినేదట.

ఎదురింటి కామేశమ్మగారి భర్తకు రేవు ఆఫీసులో పలుకుబడి ఉండేది. వాళ్ళమ్మాయి పెళ్ళికి పిలుపులు మొదలుపెట్టినప్పుడు కామేశమ్మగారు పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా, కుంకుమ భరిణ పట్టుకుని తిన్నగా వెలి పడ్డ ఇంట్లోకి నడిచింది. ముందు అక్కడ బొట్టు పెట్టింది. తరువాత అదే భరిణలో అదే వేలు ముంచి మిగతా ఇళ్ళకు వెళ్ళింది. కాదనాలంటే కామేశమ్మగారి బొట్టునే కాదనాలి. అంత ధైర్యం ఎవరికీ లేకపోయింది. రుసరుసలాడుతూనే బొట్టు పెట్టించుకున్నారట. ఆ తరువాత నెమ్మదిగా చాకలీ వచ్చాడు, పురోహితుడూ వచ్చాడు.

అప్పటి నుంచి ఆ రెండిళ్ళ మధ్యా ఒక కట్టుబాటు నిలిచింది. ఎవరింట్లో శుభకార్యమైనా తొలి పిలుపు రెండో ఇంటికే వెళ్ళాలి. ఆ తరువాతే ఇంకెవరికైనా.

రెండు కుటుంబాలూ ఉద్యోగాల మీద సికిందరాబాదు వచ్చి పడ్డాయి. నాన్నగారిది రైల్వే, కామేశమ్మగారి మనవడిది బ్యాంకు. మేం సీతాఫల్‌మండిలో, వాళ్ళు రాంగోపాల్‌పేట్‌లో. ఆయన భార్యను నేను సుభద్ర పిన్ని అనేదాన్ని. అమ్మా పిన్నీ ఇద్దరూ ఆ ఇళ్ళకు కోడళ్ళుగా వచ్చినవాళ్ళే. ఆ కథ వాళ్ళ పుట్టింటిది కాదు. అయినా పుట్టి పెరిగినవాళ్ళకంటే గట్టిగా పట్టుకున్నారు. పిన్ని వస్తే మా ఇంట్లో పీట ముందు ఆవిడకే. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళి పులుసు రుచి చూసి, ఉప్పు చాలలేదని చెప్పి, తనే వేసేది. అమ్మకు అదొక ఆనందం.

నాకు ఒళ్ళు మండేది. ఎప్పుడో నేను చూడని ఊళ్ళో, నేను చూడని మనిషి చేసిన మేలుకు నేనెందుకు తల వంచుకు తిరగాలి? అమ్మ ఎవరు వచ్చినా ఆ కథ చెప్పేది. చెప్పి చివర్లో, “వాళ్ళ చలవ వల్లే మేం మనుషుల్లో ఉన్నాం” అనేది. ఎందుకమ్మా అలా అంటావు అని అడగాలనిపించేది. అడగలేదు.

నా సీమంతంలో గాజులు తొడుగుతూ పిన్ని అందరి ముందూ ఒక మాట అంది. “మా కామేశమ్మగారు ఆ వేళ బొట్టు పెట్టబట్టి గానీ, లేకపోతే ఈ సీమంతాలెక్కడివే వీళ్ళకి?” నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. అందరికంటే అమ్మే ఎక్కువ నవ్వింది. నేనూ నవ్వాను. లోపల ఏదో విరిగిన సంగతి ఎవరికీ తెలియలేదు. పిన్నికి చెడ్డ ఉద్దేశం ఉందని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. అప్పుడు మాత్రం అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, దాచుకున్నాను.

రెండేళ్ళకు మా చెల్లెలి సీమంతం వచ్చింది. అప్పటికి మా ఇళ్ళల్లో ఫోన్లు లేవు. ముందురోజు మధ్యాహ్నం అమ్మ నా చేతికి భరిణ ఇచ్చి, ముందు రాంగోపాల్‌పేట్ వెళ్ళి పిన్నిని పిలిచి, తిరిగి వచ్చి మన వీధిలో మొదలుపెట్టమంది. తోడు రావాల్సిన మేనత్తకు మోకాళ్ళ నొప్పులు. నేనొక్కదాన్నే రిక్షా ఎక్కాను.

అక్కడ ఏం జరిగిందో కాసేపాగి చెబుతాను. ఇంకా మనసు రావడం లేదు.

ఇంటికి వచ్చి అమ్మతో చెప్పింది ఇది: “పిన్నివాళ్ళిల్లు తాళం వేసి ఉంది. గడపకు బొట్టు పెట్టి వచ్చాను.” మనిషి లేనప్పుడు అలా గడపకు బొట్టు పెట్టి రావడం మావాళ్ళలో వాడుకే. అది పిలుపు కిందే లెక్క. అమ్మ సరేనంది. నా మాట నమ్మకపోవడానికి ఆవిడకు కారణమేముంది?

మర్నాడు సాయంత్రం పేరంటాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ముందు పీట ఖాళీగా ఉంది. పిన్ని రాకుండా గాజులు మొదలుపెట్టనంది అమ్మ. చెల్లెలు నడుం నొప్పితో కూర్చోలేక అవస్థ పడుతోంది. వచ్చినవాళ్ళు గుసగుసలాడుకున్నారు. అమ్మ గుమ్మంలోకీ లోపలికీ తిరిగి తిరిగి, చివరికి తనే తొలి గాజు తొడిగింది. ఆ మొహం చూశాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? రిక్షా వేసుకుని పరుగెత్తి తీసుకురావచ్చు కదా? శనగలూ పళ్ళూ పంచుతూ ఉండిపోయాను.

గడపకు బొట్టు చూసి కూడా రాలేదంటే రావడం ఇష్టం లేకనే అనుకుంది అమ్మ. తొలి పిలుపే తప్పించారంటే తెంపుకున్నట్టేనని పిన్ని అనుకుని ఉంటుంది. పిలిచినవాళ్ళు ఎందుకు రాలేదని అడగరు, పిలుపు రానివాళ్ళు ఎందుకు పిలవలేదని అడగరు. అడిగితే చిన్నతనం. ఎవరో ఒకరు అడుగుతారు, నా అబద్ధం బయటపడుతుంది, నాలుగు తిట్లు తింటాను, అక్కడితో అయిపోతుందని ఎదురుచూశాను. నిజంగానే ఎదురుచూశాను. ఒక్కరూ అడగలేదు. పిన్ని కొడుకు పెళ్ళికి శుభలేఖ మాకు పోస్టులో వచ్చింది. అమ్మ దాన్ని చదివి కిటికీలో పెట్టింది. పెళ్ళికి వెళ్ళలేదు.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. నాన్నగారు పోయినప్పుడు పిన్ని రాలేదు, బాబాయిగారే వచ్చి వెళ్ళారు. తరువాత పిన్నీ పోయింది. అమ్మ రానంది. నేను వెళ్ళాను. కింద వాటాలో ఉండే ఆవిడ నన్ను గుర్తుపట్టి, “మీ అమ్మ రాలేదా బిడ్డా? ఎప్పుడు జూసినా మీ ఇంటి ముచ్చటనే చెప్పేది” అంది. ఆరోగ్యం బాగా లేదని చెప్పాను. ఇంటికి వెళ్ళాక, తన గురించి ఎవరైనా అన్నారా అని అమ్మ అడిగితే, ఎవరూ ఏమీ అనలేదన్నాను. అబద్ధాలు అలవాటవుతాయి, మీకు తెలిసే ఉంటుంది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది, ఏ.ఎస్. రావు నగర్‌లో. వయసు బాగా మీద పడింది గానీ మతి చక్కగా ఉంది. కిందటి నెల ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు వలుస్తున్నాం. “సుభద్ర చిక్కుడుకాయ కూరలో అల్లం వేసేది” అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, “పిలిచినా రాని మనిషి ఊసు మనకెందుకులే” అంది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజు ఎందుకో వినలేకపోయాను.

“పిన్నికి ఆ రోజు పిలుపు అందలేదమ్మా. గడపకు బొట్టు పెట్టానన్నది అబద్ధం. ఆ ఇంటికి నేను వెళ్ళనేలేదు.”

అమ్మ చేతిలోని కాయ వలవడం ఆపలేదు. “ఎందుకు వెళ్ళలేదు?”

“ఎండగా ఉంది. అలసిపోయాను.”

అమ్మ వలిచిన గింజలన్నీ గిన్నెలో వేసి, తొక్కలు దగ్గరకు తీసి, అప్పుడు అంది.

“ఇప్పుడెందుకు చెప్పావే? దానిమీద కోపం ఉంది కనకనే అది పోయిన రోజున నేను ఏడవకుండా కూర్చోగలిగాను. ఆ కోపమూ తీసేసుకున్నావు. ఈ వయసులో ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

అమ్మ నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఇప్పుడు నాతో మామూలుగానే మాట్లాడుతుంది. కాఫీలో చక్కెర తక్కువైందంటుంది. పిన్ని పేరు మాత్రం ఎత్తడం లేదు. మధ్యాహ్నాలు గోడవైపు తిరిగి పడుకుంటుంది. నిద్ర పోవడం లేదని నాకు తెలుసు.

అమ్మకు చెప్పింది కూడా పూర్తి నిజం కాదు. ఎండ నిజమే, అలసట నిజమే. కానీ వాటివల్ల కాదు. ఆ మిగతాది ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

నేను ఆ వీధి మొదటి దాకా వెళ్ళాను. అక్కడి నుంచి పిన్నివాళ్ళ గేటు కనబడుతుంది. తాళం లేదు. పిన్ని గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని. సీమంతం రోజు ఏదో ఆవిడకు ముందే తెలుసు, ముహూర్తం పెట్టేటప్పుడు అమ్మే చెప్పింది. పిలుపు ఆ వేళ వస్తుందనీ, తన ఇంటికే ముందు వస్తుందనీ తెలుసు. అలా తయారై కూర్చున్న మనిషిని చూడగానే నాకు జాలి కలగాలి. కలగలేదు. నా సీమంతంలో ఆవిడ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఎంత ధీమా, అనుకున్నాను. ఒక్కసారి, ఒక్క సాయంత్రం, ఈవిడ కూడా తలుపు దగ్గర నిలబడి చూడనీ అనుకున్నాను. మా లక్ష్మీనరసమ్మగారు నిలబడ్డట్టు. సరిగ్గా ఈ మాటలతోనే అనుకున్నాను, మరిచిపోయానని ఎలా చెప్పను?

రిక్షా తిప్పమన్నాను.

“ఈడిదాంక వచ్చి వాపస్ పోతరా?” అన్నాడు రిక్షా అతను. తరువాత వెనక్కి చూసి, “గా అమ్మ లేసి నిలబడ్డది. మిమ్మల్నే పిలుస్తున్నట్టున్నది” అన్నాడు.

“నన్ను కాదు. పోనివ్వు.”

పిన్ని నన్ను చూసింది. భరిణ చేతిలో పట్టుకుని వీధి మొదట తిరిగిపోయిన నన్ను చూసింది. గడపకు బొట్టు పెట్టామని అమ్మ అందరితో చెప్పుకున్న మాట ఆవిడ దాకా వెళ్ళకుండా ఉండదు. ఆ పిల్ల అబద్ధం ఆడింది, నేను కళ్ళారా చూశాను అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, అమ్మతో సంబంధం నిలిచేది, నేను పట్టుబడేదాన్ని. అనలేదు. తరువాత ఎవరిదో పెళ్ళిలో ఎదురుపడితే నా కొడుకు తల నిమిరి, మీ అమ్మ బాగుందా అని అడిగి, పక్కకు వెళ్ళిపోయింది. అమ్మే నన్ను వెనక్కి రమ్మని పంపిందనుకుందా? లేక అంతా తెలిసి నన్ను కాపాడిందా? అడగడానికి మనిషి లేదు. కాపాడిందే అయితే, అప్పుడు కామేశమ్మగారి ఇంటికి మేం రెండోసారి రుణపడ్డాం, ఈసారి నా మూలంగా. ఆ సంగతి అమ్మకు చెప్పలేను. ఉన్న ఏడుపే చాలు ఆవిడకు.

చెప్పేశాను. తేలికపడ్డానని అనను. ఇన్నాళ్ళూ నాకే అబద్ధం చెప్పుకుంటూ వచ్చిన ఆ ఎండ మాట మాత్రం ఇక చెప్పుకోనక్కర్లేదు. పిన్ని నన్ను పిలిచింది. నేను విన్నాను.