తోకమీద మోటార్‌సైకిల్

వెర్లా నైగార్డ్ దక్షిణ డకోటాలో ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. జనవరి గాలికి బస్సు పక్కకు జరిగిపోతుంటే, వెనకాల అరవైమంది పిల్లలు ఒకళ్ల టోపీ ఒకళ్లు లాక్కుని అరుస్తుంటే, ఒక చేత్తో అద్దం తుడుచుకుంటూ ఇంకో చేత్తో స్టీరింగు తిప్పిన మనిషి. అంతకుముందు, పెళ్లికి ముందు, ఇంకో బండి ఉండేది ఆమెకి. వాళ్ల నాన్నది ట్రాక్టరు విడిభాగాల దుకాణం. కోతల రోజుల్లో ఎక్కడ ట్రాక్టరు ఆగిపోతే అక్కడికి బెల్టులూ బేరింగులూ మోటార్‌సైకిల్ మీద పట్టుకెళ్లి అందించేది. పెళ్లయ్యాక ఆ మోటార్‌సైకిల్ దుప్పటి కప్పుకుని షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లు పడుకుంది. ఉద్యోగం మానేసిన వారానికే వెర్లా ఆ దుప్పటి లాగేసింది. సీటు కింద ఎలక పెట్టుకున్న గూడు తీసి పారేసి, కార్బ్యురేటర్ విప్పి కడిగి, కొత్త టైర్లు వేయించి, నాలుగో రోజు సాయంత్రానికి ఊరంతా వినబడేలా స్టార్ట్ చేసింది.

ఆమె మొగుడు అర్విడ్ ఊళ్లో సెలూన్ నడిపేవాడు. మాటకారి. బండ్ల గురించి తెలిసింది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. ఆయన కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్ ఇళ్ల గురించి ఏదో ఒకటి చెప్పేవాడు. అవన్నీ పోగేసుకుని, సెలూన్ అమ్మేసిన మర్నాడే ఇరవైమూడు అడుగుల ట్రైలర్ ఒకటీ, దాన్ని లాగడానికి ట్రక్కు ఒకటీ కొనుక్కొచ్చాడు. లోపల మంచం, పొయ్యి, చిన్న బాత్రూము, కిటికీ పక్కన ఇద్దరికి సరిపడే బల్ల. ఇల్లు అద్దెకిచ్చి ఇద్దరూ అందులోకి మారారు.

మోటార్‌సైకిల్‌ని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. అర్విడ్‌కి వెంటనే ఐడియా తట్టింది. తెలిసినవాడి చేత ట్రైలర్ వెనకాల ఇనుప చట్రం ఒకటి వెల్డింగ్ చేయించి, బండిని అడ్డంగా దానిమీద నిలబెట్టి పట్టీలు బిగించాడు.

"చూశావా? నీ గుర్రాన్ని ఎంత ముద్దుగా కట్టేశానో!"

"బానే ఉంది గానీ, ట్రైలర్ వెనక్కి వంగినట్టు లేదూ?" అంది వెర్లా.

"నీ కళ్లు వంగాయి."

ట్రక్కు స్టీరింగు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. "బస్సు వేరు, ఇది వేరు వెర్లా. బస్సు నడుం దగ్గర విరగదు. ఇది ట్రక్కూ ట్రైలరూ కలిసేచోట విరుగుతుంది" అనేవాడు. ఆ మాట నిజమే. కాకపోతే నడుం విరిగే బండిని వెనక్కి నడపడం ఆయనకీ రాదు. ట్రైలర్లు ఆపుకునే ఏ క్యాంపుకి వెళ్లినా దాన్ని తమ జాగాలోకి పెట్టడానికి ముప్పావుగంట పట్టేది. వెర్లా వెనకాల నిలబడి చేతులూపేది. అర్విడ్ అద్దంలో ఆమెను వెతుక్కునేవాడు. "ఎడమకి!" "ఎవరి ఎడమకి?" "నాకున్న ఎడమ ఒకటే!" చుట్టుపక్కల వాళ్లు మడతకుర్చీలు ఇటు తిప్పుకుని, చేతిలో బీరు డబ్బా తెరుచుకుని హాయిగా చూసేవాళ్లు. చివరికి ట్రైలర్ ఎలాగోలా లోపలికి వెళ్లాక చప్పట్లు కూడా కొట్టేవాళ్లు. అర్విడ్ ట్రక్కు దిగి దణ్ణం పెట్టేవాడు. వెర్లాకి చెట్టెక్కి దాక్కోవాలనిపించేది.

అలా బ్లాక్ హిల్స్‌లో రెండు వారాలు గడిపి, జూన్ మొదట్లో పడమటికి బయల్దేరారు. జిలెట్ ఊరు దాటాక వయోమింగ్ గాలి మొదలైంది. రోడ్డు పక్కన గడ్డి నేలకి అంటుకుపోయి ఉంది. అర్విడ్ గంటకి అరవై ఐదు మైళ్ల వేగంతో పోతున్నాడు, ఏదో పాత పాట ఈల వేస్తూ. పెద్ద లారీ ఒకటి పక్కనుంచి దాటింది. అది లేపిన గాలికి ట్రైలర్ తోక కాస్త పక్కకు తప్పుకుంది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఇంకొంచెం ఎక్కువగా తప్పుకుంది. మూడోసారికి ట్రైలర్ వెనకనుంచి ట్రక్కుని పట్టుకుని ఊపుతోంది. అల్మారాలో గిన్నెలు కిందపడిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

అర్విడ్ ఈల ఆపి బ్రేకు మీద కాలేశాడు. ఊపు రెట్టింపైంది.

"బ్రేకు తియ్! కాలు తియ్ అర్విడ్!"

వెర్లా వంగి డాష్‌బోర్డు కిందున్న చిన్న మీటని నొక్కిపట్టింది. అది ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు వేసే మీట. ట్రైలర్‌తో ఇచ్చిన పుస్తకం మొత్తం చదివింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. వెనకాల ఎవరో తోక పట్టి లాగినట్టయింది. ట్రైలర్ సాగి, తిన్నగా అయింది. అర్విడ్ నెమ్మదిగా రోడ్డు పక్కకి తీసి ఆపాడు. చేతులు స్టీరింగు మీదనుంచి తియ్యలేకపోయాడు. "గాలి" అన్నాడు.

"గాలి" అంది వెర్లా కూడా. ఆ క్షణంలో వాదించే ఓపిక ఆమెకీ లేదు.

అక్కణ్నుంచి బఫలో ఊరిదాకా నలభై మైళ్ల వేగంతో, వెనక వాళ్ల హారన్లు వింటూ చేరారు. క్యాంపు నడిపే ఆవిడ పేరు రొవీనా. డెబ్బై దాటిన సన్నటి మనిషి, జేబులో ఎప్పుడూ రెంచి ఉంటుంది. అర్విడ్ మొహం చూసి ఏమీ అడక్కుండా, వెనక్కి పెట్టే పని లేని జాగా ఇచ్చింది.

తెల్లారేసరికి ట్రైలర్‌లో ముక్కులు గడ్డకట్టాయి. హీటర్ ఫ్యాను తిరగలేదు, దీపం వెలగలేదు, పంపు రాలేదు. దుప్పట్లు కప్పుకునే ఇద్దరూ బయటికొచ్చి నిలబడ్డారు. రొవీనా కాఫీ కప్పుతో వచ్చి ట్రైలర్ ముందున్న బ్యాటరీ పెట్టె మూత తీసింది.

"దీనికి నీళ్లు ఎప్పుడు పోశారండీ?"

"బ్యాటరీకి నీళ్లా?" అన్నాడు అర్విడ్.

రొవీనా కాఫీ ఒక గుక్క తాగింది. "పోయాలి మరి. డిస్టిల్డ్ నీళ్లు. పాపం ఎండిపోయి చచ్చాయి రెండూ. బతుకుతాయని నేననుకోను. ఊళ్లో కొత్తవి దొరుకుతాయి." తర్వాత ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి వెనకాల ఆగింది. "నిన్న మీ బండి ఊగిందా?"

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "ఎలా తెలుసు?" అంది వెర్లా.

"తోకమీద మోటార్‌సైకిల్ పెట్టుకుని ఊగకుండా ఎలా వచ్చారా అని చూస్తున్నా. బాత్రూములో బరువు చూసుకునే మిషనుందా మీకు?"

ఉంది. అర్విడ్ దానిమీద ఎప్పుడూ నిలబడడు గానీ, ఉంది. రొవీనా దానిమీద చెక్క దూలం ఒకటి వాటంగా పెట్టి, ట్రక్కుకి తగిలించే ట్రైలర్ మూతిని దానిమీదికి దించి లెక్క చూసింది. మూతి మీద ఐదారువందల పౌండ్లు ఉండాల్సిన బరువు మూడువందలు కూడా లేదు.

"ఊయల బల్ల అనుకోండి" అంది రొవీనా. "మధ్యలో చక్రాలు. వెనక కూర్చోబెడితే ముందు లేస్తుంది. మూతి తేలిపోతే ఇంక అది మీ మాట వినదు. గాలి మీద పెట్టకండి తప్పు. గాలి ఇక్కడ రోజూ ఉంటుంది."

అర్విడ్ మొహం చిన్నబోయింది. ఆ చట్రం అంటే ఆయనకి ఎంత గర్వమో వెర్లాకి తెలుసు. అందుకే "నేను నాలుగు నెలల క్రితమే చెప్పాను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేసింది. తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది, ఆ రోజు ఆ మాట మింగడం గాలిలో బస్సు నడపడం కంటే కష్టమైందని.

"సరే, మోటార్‌సైకిల్ ఇక్కడే ఉంచేద్దాం. వచ్చేటప్పుడు తీసుకెళ్దాం" అన్నాడు అర్విడ్.

"అక్కర్లేదు. దాన్ని మొయ్యడం ఎందుకు? అదే నన్ను మోస్తుంది."

"ఎక్కడికి?"

"నువ్వెక్కడికెళ్తే అక్కడికి."

"వెర్లా, ముందున్నది బిగ్‌హార్న్ కొండలు. పైన తొమ్మిదివేల అడుగులు. నీకు అరవైమూడు!"

"కొండకి నా వయసు నువ్వు చెప్పకు, దానికదే తెలుసుకుంటుంది."

రొవీనా నవ్వు ఆపుకోడానికి బ్యాటరీ పెట్టె వైపు తిరిగింది.

కొత్త బ్యాటరీలు బిగించి, ఇనుప చట్రం కోసేసి రొవీనా షెడ్డు వెనక పడేసి, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరారు. వెర్లా రెండు స్వెట్టర్లు, పైన పాత తోలు జాకెట్టు, దానిమీద అర్విడ్ వానకోటు వేసుకుంది. మొదటి పది మైళ్లు భుజాలు బిగబట్టి నడిపింది. ఊళ్లో తిరగడం వేరు, ఇది వేరు. తర్వాత పైన్ చెట్లు మొదలయ్యాయి. మలుపులో బండి దానంతటదే వాలి, దానంతటదే లేచింది. వెర్లా నోరు తెరిచి గట్టిగా ఏదో అరిచింది, హెల్మెట్ లోపల. ఏమని అరిచిందో ఎవరికీ చెప్పలేదు.

కొండ కొమ్ము మీద రోడ్డు పక్కన ఇంకా మంచు దిబ్బలున్నాయి. అక్కడ ఇద్దరూ ఆగి ఫ్లాస్కులో కాఫీ తాగారు. ట్రైలర్ ఇప్పుడు గొర్రెపిల్లలా వెంట వస్తోందన్నాడు అర్విడ్. ఆయన మొహంలో రంగు తిరిగొచ్చింది.

"నువ్వు ముందెళ్లి కింద టెన్‌స్లీప్ ఊళ్లో జాగా చూసుకో. నేను వెనకాలే వస్తా."

"దిగుడు బాగా నిటారు. చిన్న గేర్లో దించు. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకు."

"అమ్మా, నేను బండి నడపడం నిన్న మొదలెట్టలేదు."

వెర్లా లోయలోకి దిగింది. రెండు పక్కలా ఎర్రటి, పచ్చటి రాతిగోడలు. కింద ఊరు చేరి, క్యాంపులో చెట్టు నీడన జాగా తీసుకుని, హోటల్లో రుబార్బ్ పై అనే తీపి వంటకం ముక్క ఒకటి తిని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. అరగంటైంది. ముప్పావుగంటైంది. లోయలో ఫోను పలకదు. రెండో ముక్క తెప్పించుకుంది గానీ తినలేకపోయింది. గంట దాటాక హెల్మెట్ తగిలించుకుని వెనక్కి తిరిగింది.

ఎనిమిది మైళ్లు పైకెళ్లాక కనబడ్డాడు. రోడ్డు పక్క ఖాళీ జాగాలో ట్రక్కూ ట్రైలరూ ఆపి ఉన్నాయి. చక్రాల దగ్గరనుంచి పొగ. మాడిన వాసన. అర్విడ్ ఒక బండరాయి మీద చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచాడు.

"పెడల్ కిందికి వెళ్లిపోయింది వెర్లా. నొక్కుతుంటే ఏమీ లేదు అక్కడ. ఈ జాగా లేకపోతే..."

వెర్లా ఆయన పక్కన ఆ రాయి మీదే కూర్చుంది. బ్రేకులు చల్లారడానికి గంటకు పైగా పట్టింది. ఆ గంటలో సగంసేపు ఇద్దరూ కింద లోయలో పారే నదిని చూశారు. మిగతా సగం అర్విడ్ తనంతట తనే మాట్లాడాడు. ఎవరో కుర్చీలో కూర్చుని చెప్పింది విని అదే తెలివనుకున్నాననీ, మొన్న ఆమె ఆ మీట నొక్కకపోతే ఏమయ్యేదో రాత్రంతా తలుచుకుంటూనే ఉన్నాననీ. తర్వాత జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది బస్సు కాదు మరి" అంది వెర్లా.

"తెలుసు. నువ్వు నడుపు."

మోటార్‌సైకిల్‌కి తాళం వేసి అక్కడే ఉంచి, ఆమె ట్రక్కెక్కింది. ఆ ఖాళీ జాగాలోనే రెండుసార్లు ముందుకు పోయి ఆపి, పెడల్ గట్టిగా నిలబడుతోందని చూసుకుంది. అప్పుడు చిన్న గేరు వేసి, ఇంజను గుర్రుమంటుంటే నడక వేగంతో దించింది. వెనక ఆరు కార్లు పోగయ్యాయి. వెర్లా పట్టించుకోలేదు. వెనక ఎంతమంది ఉన్నా తొందరపడకపోవడం ఆమెకి ఇరవై ఆరేళ్ల అలవాటు.

క్యాంపులో చెట్టు కింద జాగా ఇరుకు. అర్విడ్ చేతులూపడానికి దిగబోయాడు. "కూర్చో" అంది. స్టీరింగుని కింది అంచున పట్టుకుంది. ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు కదిపింది, ఊరికే కొద్దికొద్దిగా. ఒక్కసారి ముందుకు లాగి సరిచేసుకుంది. రెండోసారికి ట్రైలర్ క్యాంపువాళ్ల బల్లకీ చెట్టుకీ మధ్య తిన్నగా నిలబడింది.

"ఇదెప్పుడు నేర్చుకున్నావ్?"

"నువ్వు తప్పు చేస్తున్న ప్రతిసారీ వెనకనుంచి చూస్తూ."

అర్విడ్ పడీ పడీ నవ్వాడు. ఆ మధ్యాహ్నమే ట్రక్కులో ఆమెను పైకి తీసుకెళ్లి మోటార్‌సైకిల్ దగ్గర దింపాడు.

ఇది జరిగి ఏడేళ్లయింది. ఇప్పటికీ ఇల్లు అద్దెకే ఉంది. కొండ దిగేటప్పుడు ట్రక్కు వెర్లాది. చదును రోడ్ల మీద ట్రక్కు అర్విడ్‌ది, మోటార్‌సైకిల్ ఆమెది. కొండల రోజున బండిని ట్రక్కు వెనక తొట్టిలో, ముందుకు ఆనించి కడతారు. బ్యాటరీలు పూర్తిగా అర్విడ్ శాఖ. నెలకోసారి మూతలు తీసి, టార్చి వేసి చూసి, నీళ్లు పోసి, తేదీ ఒక చీటీ మీద రాసి అతికిస్తాడు. పక్క ట్రైలర్ల వాళ్లవి కూడా అడక్కుండానే చూసి మందలిస్తాడు.

వేసవిలో ఎక్కువకాలం టెన్‌స్లీప్ క్యాంపులోనే ఉంటారు. గురువారం పొద్దున ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా పెట్టి, వచ్చిన ఆడవాళ్లకి ట్రైలర్ వెనక్కి నడపడం నేర్పుతుంది వెర్లా. మొదట్లో మొగుళ్లు కూడా వచ్చి పక్కనుంచి అరిచేవాళ్లు. దానికి అర్విడ్ మార్గం కనిపెట్టాడు. ఒక్కొక్కణ్నీ పిలిచి, మెడచుట్టూ గుడ్డ కట్టి, తల తడిపి, ఊరికే క్షవరం చేస్తాడు. సగం కత్తిరించిన తలతో ఎవడూ లేచి వెళ్లి పెళ్లానికి సలహా ఇవ్వలేడు.

కిందటి నెల ఆయన స్వయంగా మోటార్‌సైకిల్ లైసెన్సు పరీక్షకి వెళ్లాడు. ఎనిమిది ఆకారంలో తిప్పమన్నారు. మొదటి సున్నా బాగానే చుట్టాడు. రెండో సున్నాలో బండి మెల్లగా, ఎంతో మర్యాదగా పక్కకి ఒరిగింది. పరీక్ష పెట్టే ఆఫీసరు వచ్చి లేపాడు. వెర్లా కంచె అవతల నిలబడి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆయన్ని వెనక ఎక్కించుకుని క్యాంపుకి తిరిగొస్తుంటే, ఆగస్టులో మళ్లీ పరీక్షకి వెళ్తానని దారి పొడుగునా ఆమె చెవిలో అరుస్తూనే ఉన్నాడు.