జాబితాలో లేని మిల్లు

నేను మూడో తరగతితో బడి మానేశాను. అక్షరాలు కూడబలుక్కుంటాను కానీ అంకెలు గబగబా చదువుతాను. పాత పేపర్లు కిలోల లెక్కన కొని, చించి, మైదా జిగురుతో కవర్లు అతికించి, తార్నాక నుంచి లాలాపేట్ దాకా కిరాణా కొట్లకు ఇరవై ఏళ్లు తూకం లెక్కన వేశాను. మా ఆయన యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టల్ మెస్ వంటమనిషి. అక్కడి రీడింగ్ రూమ్ పేపర్లు చవగ్గా దొరికితే ఆయనే మోసుకొచ్చేవారు. మరీ పాతబడి పచ్చగా మారిన కాగితం కవరుకు పనికిరాదు, మడిచిన చోటే చిరుగుతుంది. పారేయడానికి చెయ్యి రాక అలాంటివి ఏ ఏడాదివి ఆ ఏడాది కట్టలు కట్టి అటకెక్కించాను.

తెలంగాణ ఉద్యమం బాగా వేడిమీద ఉన్న రోజుల్లోనే ఆయన ఉద్యోగం అయిపోయింది. పెన్షన్ లేదు. రిటైరైనప్పుడు ఒక్కసారిగా వచ్చిన డబ్బే మా ముసలితనం మొత్తానికీ ఆధారం. అది పోతే కొడుకుల ముందు చెయ్యి చాపాలి. నాకు ఆ అలవాటు లేదు.

పైపోర్షన్‌లో ఒక సారు అద్దెకుండేవారు. కోస్తా ఆయన. బొంబాయిలో ముప్పై ఏళ్లు జనం డబ్బును షేర్లలో పెట్టి చూసుకున్న మనిషి. రిటైరై, క్యాంపస్‌లో పిల్లలకు ఆ విద్య నేర్పేవారు. బందులతో క్లాసులు జరగకపోతే నలుగురు పిల్లలు మా ఇంటికే వస్తామన్నారు.

"కూసోండ్రి. కానీ ఒక్క ఫ్యానే తిరుగుతది. కరెంటు బిల్లు నాది," అన్నాను.

పక్కింటామె గోడ మీంచి సన్నగా అంది. "గీ టైంల ఆంధ్రాయనను ఇంట్ల పెట్టుకున్నవ్ వదినా."

"మా సారు కిరాయి ఒకటో తారీఖు ఇస్తడు. నీ కిరాయోళ్లు ఎప్పుడిస్తరో చెప్పు."

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పిల్లలు పొద్దున రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలిపే వంటావార్పుకు పోయేవాళ్లు. మా ఆయన కూడా వెళ్లి, వాళ్ల గుండిగలో గంటె తిప్పి వచ్చేవారు. మధ్యాహ్నం నినాదాలతో గొంతు పోయిన ఆ పిల్లలే సారు ముందు బుద్ధిగా కూర్చునేవాళ్లు. నేను ఓ పక్క కవర్లు అతికిస్తూ వినేదాన్ని.

సారు చెప్పేది ఒకటే. మనసుకు తోచిందని కొనొద్దు. ముందే ఒక నియమం రాసుకో, అది ఏది కొనమంటే అది కొను. ఆ నియమం మంచిదో కాదో తెలియాలంటే గడిచిన ఏళ్లలో అలాగే చేసి ఉంటే ఏమయ్యేదో లెక్కగట్టి చూడు.

సీతాఫల్‌మండి నుంచి నడిచొచ్చే ఒక అమ్మాయి కంప్యూటర్‌లో ఒక నియమం కట్టింది. ఏడాదిలో బాగా ధర పడిపోయిన పది కంపెనీల షేర్లు కొనాలి, ఏడాది ఉంచాలి, అమ్మేసి మళ్లీ పడిపోయినవి పది కొనాలి. ధర పడ్డప్పుడే కొనడం నా పద్ధతి కూడా. పేపర్ కిలో ధర దిగినప్పుడే కదా నేను బస్తాలు నింపేది. పైగా ఆమె లెక్కలో డబ్బు ఏటికేడు పొంగుతూ పోయింది.

"తాత పైసలన్నీ గిట్ల పెడితే మీకు రందే ఉండదు అమ్మమ్మా," అంది.

నేను ఆ మాటకు పడిపోయాను. మొత్తం పెట్టేద్దామని ఆయనతో చెబితే, "నాకు ఉప్పు లెక్క తప్ప ఏ లెక్కా రాదు, నీ ఇష్టం," అన్నారు.

సారు మాత్రం, "కంప్యూటర్ చెప్పింది సరే. ఆనాటి పేపర్లతో ఒకసారి సరిచూడండి," అన్నారు. లైబ్రరీకి తాళం. పిల్లలు దిక్కులు చూశారు.

"పేపర్లు నా దగ్గరున్నయి. నిచ్చెన తెండ్రి," అన్నాను.

ఏడాదికొకటి చొప్పున షేర్ల ధరల పేజీలు తీసి వరసగా పరిచాం. నేను పేరూ ధరా చదవడం, అమ్మాయి తన జాబితాలో చూసుకోవడం. అలా చదువుతుంటే ఒక నూలు మిల్లు పేరు దగ్గర నా వేలు ఆగింది. మా తమ్ముడు పనిచేసిన మిల్లు అది.

"గిది నీ దాంట్ల ఉన్నదా బిడ్డా?"

"లేదు అమ్మమ్మా."

"ఎందుకు లేదు? ఏడాదిల సగానికి పడ్డది. నీ నియమం ప్రకారం ముందుగాల గిదే కొనాలె."

"అది మూతపడ్డది కదా. ఇప్పుడు నడుస్తున్న కంపెనీలవే నేను దించుకున్న."

"మరి గప్పుడు కొన్నోనికి అది మూతపడ్తదని ఎట్ల తెలుస్తది? కొన్న పైసలు ఏమైనయి?"

అమ్మాయి తన జాబితా మళ్లీ పైనుంచి కిందికి చూసుకుంది. సారు నా వైపు తిరిగారు.

"అమ్మగారూ, ఇది వచ్చే వారం నేను చెప్పాల్సిన పాఠం. బొంబాయిలో మొదటి ఉద్యోగంలో నేనూ ఇదే తప్పు చేశాను. బతికున్న కంపెనీలనే లెక్కేసుకుని మురిసిపోయాను. పోయింది నా డబ్బు కాదు, జనం డబ్బు."

అంత పెద్ద చదువు చదివినాయన, చాపల మీద కూర్చున్న పిల్లల ముందు, నాలాంటి దాని ముందు ఆ మాట ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోయినా అడిగేవాళ్లు లేరు.

మూడు రోజులు కూర్చుని, మూతపడ్డ వాటన్నిటినీ కలిపి మళ్లీ లెక్కగట్టారు. పొంగు దిగిపోయింది. మిగిలింది బ్యాంకు వడ్డీ కంటే కాస్త మేలు, అదీ కొన్నేళ్లు బాగా నష్టం వచ్చినా తీయకుండా నిలబడితేనే.

"మీకు రోజూ కావలసింది బ్యాంకులోనే ఉంచండి. పదేళ్లు ముట్టుకోకుండా ఉండగలిగిందే ఇటు పెట్టండి," అన్నారు సారు. నాలుగో వంతు పెట్టాను, అదీ నెలకింత చొప్పున. పదేళ్లు ఆ డబ్బు వెనక్కి తీయొద్దన్న నియమం రాసిన కాగితం బీరువా తలుపు లోపల అంటించాను. హైదరాబాద్ ఎవరిదవుతుందోనని జనం బెంగపడి ఉన్నవన్నీ అమ్ముకుంటున్న రోజుల్లో, నాకూ చెయ్యి దురద పెట్టినప్పుడల్లా ఆ తలుపు తెరిచి చదువుకున్నాను. అమ్మలేదు.

తర్వాత నా కంటి ఆపరేషన్‌కూ, ఆయన మోకాళ్లకూ మేం ఎవరినీ అడగలేదు. ఆ రోజు మొత్తం పెట్టేసి ఉంటే, మొదటి నష్టానికే బెదిరి తీసేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

రాష్ట్రం వచ్చిన ఏడాది సారు ఇల్లు ఖాళీ చేసి విశాఖలో కూతురి దగ్గరికి వెళ్లారు. సామాను ఆటో ఎక్కించాక వచ్చి, "ఆ మిల్లు పేరున్న కట్ట నాకిస్తారా అమ్మగారూ? ఇంకెక్కడైనా పాఠం చెబితే చూపిస్తాను," అన్నారు.

అటక మీంచి దించి, అలవాటు కొద్దీ కాటా మీద పెట్టాను. రెండు కిలోల చిల్లర తూగింది. సారు జేబులో చెయ్యి పెట్టారు.

"వద్దు సారూ, తీస్కపోండ్రి," అన్నాను.

తూకం వేసి డబ్బు తీసుకోకుండా నేను ఇచ్చిన కాగితం అదొక్కటే.