లాభం, రెండు, మూడు

కర్ణాటకలోని చింతామణి ఊళ్ళో, పేటవీధిలో మా అంగడి తలుపులు తీస్తే పల్లీల వాసన, బెల్లం వాసన ఒకేసారి లేచేవి. చిన్నప్పటి పొద్దులన్నీ నాకిప్పుడు ఆ వాసనలోంచే మసకమసకగా తేలివస్తాయి. మా అవ్వ, అంటే నాన్నను కన్న తల్లి, రాగులు కొలుస్తూ మొదటి సేరును "ఒకటి" అనేది కాదు, "లాభం" అనేది. ఆ తర్వాతే రెండు, మూడు. లోకమంతా అలాగే లెక్కపెడుతుందనుకున్నాను.

కన్నడ బడిలో మేష్టరు చింతగింజలిచ్చి లెక్కపెట్టమన్నాడు. "లాభ, ఎరడు, మూరు" అన్నాను. తరగతంతా గొల్లుమంది. మేష్టరు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. మర్నాటి నుంచి హాజరు పిలిచేటప్పుడు నా పేరు పోయి "లాభమ్మ" వచ్చింది.

ఆయన చెడ్డవాడు కాదు. కొట్టడు, తిట్టడు, సుద్దముక్కలు కూడా ఇచ్చేవాడు. ఇంక ఇంట్లో ఏమని చెప్పుకోను? ఆ నవ్వు మాత్రం నిద్రలోకి కూడా వచ్చేది. నేనెక్కడో కిటికీ అవతల నిలబడి, లాభమ్మ అనే పిల్లను చూస్తున్నట్టుండేది. ఆ పిల్లంటే నాకు అసహ్యం. బడంటే ఇంకా అసహ్యం.

ఒక ఆదివారం మేష్టరే రాగులకు వచ్చాడు. అవ్వ సేరు నా చేతికిచ్చింది. ఆయన సంచిలో పోస్తూ మెల్లగా "ఒకటి" అన్నాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "లాభం యాడికి పోయినాది?"

మేష్టరే నవ్వుతూ బడిలో జరిగింది చెప్పాడు, ఇక్కడా నవ్వుతారనుకుని. అవ్వ నవ్వలేదు. సంచిలోని రాగులు మళ్ళీ గంపలోకి ఒంపేసింది.

"మంచి మాటతో మొదలుపెట్టల్లని మా పెద్దోళ్ళు నేర్పినారప్పా. నవ్వొస్తే నవ్వుకోండి. బిడ్డకు మాత్రం మా అమ్మ పేరు పెట్టినాము. బడిలో ఆ పేరే వినబడల్ల."

మేష్టరు ముఖం చిన్నబోయింది. అవ్వ సేరు నాకే ఇచ్చింది. "లాభం" అన్నాను, ఈసారి గట్టిగా. సంచి నిండేదాకా ఆయన తలెత్తలేదు.

మర్నాడు హాజరు పిలుస్తూ నా దగ్గరికొచ్చేసరికి మేష్టరు ఆగాడు. పిల్లలు నవ్వడానికి కాచుకుని ఉన్నారు. ఆయన మెల్లగా నా పేరు పిలిచాడు.

ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను.