మేకలు మేయని మడి

మొన్న ఆదివారం పొద్దున, కేసముద్రం దగ్గరి ఒక ఊరి నుంచి అవ్వ కోడలు ఫోన్ చేసింది. "మా అత్త పానం పోయింది మేడం. నిన్నగూడ మిమ్ముల తిట్టింది" అంది ఏడుస్తూనే. ఆ రెండో మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది.

అవ్వ నాకు చుట్టం కాదు. సుస్థిర వ్యవసాయంలో నేను చేరిన పీజీ కోర్సు ఒక ఏడాది ఇక్కడ, మరో ఏడాది విదేశంలో. రెండు విశ్వవిద్యాలయాలు చెరో డిగ్రీ ఇస్తాయి. ఇక్కడి పరిశోధనకు ఒక రైతు చేను కావాలి. అవ్వ తన మిరపచేనులో మూడు మడులు ఇచ్చింది. రసాయన మందులు లేకుండా పురుగును ఆపవచ్చని రుజువు చేయడం నా పని.

హనుమకొండలో బస్సెక్కి, ఆటో మారి నేను చేరేసరికి ఆమె గట్టు మీద నిలబడి ఉండేది. "చదువుకున్నోళ్లకు పొద్దు పది గంటలకు పొడుస్తదా?" అనేది. టేపు పట్టి మొక్కల ఎత్తు చూస్తుంటే "కొలిస్తె కాస్తదా?" అనేది. కూలీలతో పాటు నన్నూ కలుపు తీయమనేది. నేను వదిలేసిన గడ్డిపోచను వెతికి తెచ్చి నా చేతిలోనే పెట్టేది. లోపల మాత్రం ఆమెది వెన్నలాంటి మనసని, చనిపోయింది కదా అని రాయలేను. నాకెప్పుడూ కనబడలేదు.

రెండు మడులు బాగానే నిలిచాయి. మధ్య మడిలో మా కషాయం పనిచేయలేదు. నల్ల తామర పురుగు పూతనంతా రాల్చేసింది. విదేశీ విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసరమ్మ చూడటానికి వస్తున్న వారమది. "మేకలు మేశాయని రాసి ఆ మడిని తీసెయ్యమ్మా" అన్నాడు మా పరిశోధన గైడు. రాశాను. ఆయన చెప్పాడు కాబట్టి రాశాననడం సగమే నిజం. నాకు విదేశం వెళ్లే ఆ విమానం ఎక్కాలని ఉండింది.

పంచాయతీ ఆఫీసులో రైతుల ముందు నా నివేదికను తెలుగులో చదివాను. మేకల మాట దగ్గర అవ్వ లేచింది.

"నా చేన్లకు మేకలెప్పుడొచ్చినయే పిల్లా? నేను పెండ్లయి వచ్చినకాడికెల్లి మేక కాలు పెట్టనియ్యలే. పురుగు తిన్నది. మీ మందు పనిజెయ్యలే. గా మాట అనెతందుకు నోరు రాదా?"

ఆమె ఏమంటోందని ప్రొఫెసరమ్మ అడిగింది. "కృతజ్ఞతలు చెబుతోంది" అన్నాడు గైడు ఇంగ్లీషులో. ప్రొఫెసరమ్మ నవ్వుతూ అవ్వకు చేతులు జోడించింది. ఆ దండం చూసి అవ్వకు అర్థమైపోయింది.

"ఈయన ఏదో కత చెప్పిండు. నువ్వు చెప్పు పిల్లా."

నేను తల వంచుకున్నాను.

అవ్వ ప్రొఫెసరమ్మ మణికట్టు పట్టుకుని చేను దాకా నడిపించుకుపోయింది. వెనకాల మేమందరం. మధ్య మడిలో మిగిలిన ఒక పువ్వు తెంపి, ప్రొఫెసరమ్మ అరచేతిలో తట్టింది. నల్లటి పురుగులు బిలబిలా పాకాయి. ఆమె వాటిని చూసి, తర్వాత నన్ను చూసి, మేకలు నిజంగా మేశాయా అని అడిగింది.

"లేదు" అన్నాను.

తప్పంతా విద్యార్థినిదేనని గైడు రాసిచ్చాడు. నా ప్రయాణం ఏడాది వెనక్కి పోయింది. ఆ ఇద్దరిలో నేను అసహ్యించుకున్నది గైడును కాదు, అవ్వను. పరిశోధన మళ్లీ చేయడానికి వేరే చేను కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. మేకల కథ అప్పటికే అంతటా పాకింది, ఎవరూ ఇవ్వలేదు. చివరికి మళ్లీ ఆమె గట్టు మీదికే వెళ్లాను.

"ఈపారి మడి పోతే, పోయిందనే రాస్తవా?"

"రాస్తా అవ్వా."

"అయితే కూసో, కలుపు తియ్యి."

అంతే. క్షమించానని ఆమె అనలేదు, క్షమించమని నేను అడగలేదు. ఆ ఏడాదీ ఒక మడి పోయింది. పోయిందనే రాశాను. చదువు పూర్తయి తిరిగొచ్చి, రెండు డిగ్రీలూ వచ్చాయని చెబితే, కాయలు ఆరబోస్తూ తల కూడా ఎత్తలేదు. "రెండెందుకు? ఒకటి అబద్దమైతే ఇంకోటి ఉంటదనా?" అంది.

ఇప్పుడు అదే కోర్సులో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు పోయిన మడి లెక్క తెచ్చినప్పుడు దాన్ని కొట్టేయనివ్వను. వాళ్లకు నేనంటే ఇష్టం లేదని నాకు తెలుసు. అవ్వ పోయినందుకు కాదు, తనను మెచ్చుకునే అవకాశం నాకివ్వకుండానే పోయినందుకు నాకు కోపం.

దహనం నుంచి తిరిగొస్తుంటే గైడు మెసేజ్ పెట్టాడు. ఇప్పుడాయన ఆ కోర్సుకే పెద్ద. "ఎల్లప్పుడూ చిరునవ్వుతో సహకరించిన మహిళా రైతు" అని నివాళి పోస్టరు వేస్తున్నారట, నవ్వుతున్న ఫోటో ఒకటి పంపమన్నాడు.

నా ఫోనులో ఆమెది ఒకటే ఫోటో ఉంది. అదే పంపాను. మిరప సాళ్ల మధ్య అవ్వ, కొంగు నడుముకు చుట్టి, ఫోటో తీస్తున్న నా కాళ్ల వైపు కొడవలి మొన చూపిస్తోంది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి, నోరు సగం తెరిచి ఉంది.

"జరుగు పిల్లా, మొక్కను తొక్కుతానవ్" అంటోంది.